కౌలు అంటే మాట

‘కౌలు’ మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఖౌల్ అంటే నోటి మాట, ఇచ్చిన మాట. కిరాయి కూడా అరబ్బీదే. దస్తావేజు, రసీదు ఫారసీవి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అక్షరం రాని రైతు కూడా ఈ మాటలు లేకుండా తన భూమి గోస చెప్పుకోలేడు. ఇన్ని మాటలిచ్చాం, సరే. భూమి ఏది? సాయిబు అనగానే నవాబు యాదికొచ్చేవాళ్లు మా ఊళ్లకు రావాలె. దూది ఏకేటోళ్లు, గాజులమ్మేటోళ్లు, ఒకరి చెల్క కౌలుకు దున్నేటోళ్లు... మేమంటే వీళ్లమే.

నల్లగొండలో మా ఇంటి అరుగు మీద కూర్చుని అబ్బా పాత ఉర్దూ కాగితాలు చదివి పెట్టేవాడు. 1973 తర్వాత జనం బాగా వచ్చేవాళ్లు. కౌల్దారీ చట్టంలోని 38ఇ సెక్షన్ ఆ ఏడు జనవరి నుంచి తెలంగాణ అంతటా అమల్లోకి వచ్చింది. రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్యం వచ్చే సెక్షన్ అది. నడుముకు గుడ్డసంచి కట్టుకొని వచ్చిన ముసలాయన, “జర చూడు సాబ్, మా అయ్య పేరుందా?” అని అడిగేవాడు. పేరుంటే అబ్బా గొంతు పెద్దదయ్యేది. లేకపోతే చాయ్ తాగి పొమ్మనేవాడు.

ఆ పేరు ఎట్లా ఎక్కాలి? 1354 ఫసలీలో, అంటే 1945లో, నిజాం సర్కారు అసామీ షిక్మీల చట్టం తెచ్చింది. పట్టాదారు కింద దున్నేవాడు అసామీ షిక్మీ. తర్వాత 1950 జూన్ 10న హైదరాబాద్ కౌల్దారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. చట్టం చెప్పిన కాలాల్లో ఆరేళ్లు వరుసగా దున్నినవాడు రక్షిత కౌలుదారు. వాడు కౌలు కట్టాలి, సొంతంగా సేద్యం చేయాలి, భూమిని పాడు చేయొద్దు, ఇంకొకరికి కౌలుకివ్వొద్దు. ఇవి తప్పితే భూస్వామి కౌలు రద్దు కోరొచ్చు. కౌలుదారు తనంత తాను వదులుకుంటే కాగితం రాసి తహసీల్దారు ముందు ఒప్పుకోవాలి. చట్టం మంచిదే. కానీ కౌలు నోటిమాట. ఆరేళ్లకు సాక్ష్యం పట్వారీ దఫ్తరు. ఆ దఫ్తరు ఎవరి గడీలో తెరుచుకునేదో ఊరందరికీ ఎరుకే.

హైదరాబాద్ భూసంస్కరణల మీద ఎ.ఎం. ఖుస్రో చేసిన అధ్యయనం 1958లో అచ్చయింది. 1951లో రక్షిత కౌలుదార్లయిన ప్రతి నూరుమందిలో మూడు నాలుగేళ్లకే ఆ హక్కుతో మిగిలింది సుమారు 45 మంది. కొనుక్కున్నవాళ్లు 12 మంది. చట్టప్రకారం బేదఖలైనవాళ్లు ముగ్గురు కూడా నిండరు. చట్టం లేకుండా వెళ్లగొట్టబడ్డవాళ్లు 22 మంది. ‘ఇష్టపూర్వకంగా’ వదులుకున్నవాళ్లు 17 మందికి పైనే. ఆ ఇష్టం ఎట్లాంటిదో అరుగు మీద కూర్చున్న ముసలాళ్లను అడిగితే చెప్పేవాళ్లు.

ఇందులో మా పాలు వేరే ఉంది. చట్టం రాకముందు ఏడాదిన్నరకు పైగా జరిగిన కథ అది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య. రజాకార్ల దౌర్జన్యాలు దాచేది లేదు. కానీ ఆ పగ తీర్చుకున్నది రజాకార్ల మీదనే కాదు. సంస్థానం మొత్తంలో 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువగా వేసిన లెక్క. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక పూర్తిగా 2013 దాకా జనం కంట పడలేదు. భయంతో ఊరిడిచి పట్నం చేరినవాడికి ‘వరుసగా ఆరేళ్లు’ ఎక్కడ దొరుకుతాయి? ఊళ్లో లేనివాడికి కాస్తు ఎవరు రాస్తారు?

షేక్ బందగీని అందరూ అమరుడంటారు, సంతోషం. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు. ఆయనది కౌలు తగాదా కాదు, అన్నదమ్ముల భూమి తగాదా. ఎదుటిపక్షానికి విసునూరు దేశ్‌ముఖ్ అండ. బందగీ కర్ర పట్టలేదు, కోర్టుకు పోయాడు. గెలిచాడు. గెలిచినందుకు చంపారు. సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ నాటకానికి ఆయన కథే ప్రేరణ. కాగితాన్ని నమ్మిన ఆ సాయిబు నవాబుల లెక్కలోకి వస్తాడా?

భూమి సంగతి అట్లుంచండి, ఇల్లు? 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన కిరాయి ఒప్పందం రిజిస్ట్రీ చేయించాలి. అందుకే లోకమంతా పదకొండు నెలల కాగితం రాసుకుంటుంది. 1960 కిరాయి నియంత్రణ చట్టం ఈ పట్టణాల్లోనూ కిరాయిదారుకు కొన్ని హక్కులిచ్చింది. కట్టిన కిరాయికి సంతకం చేసిన రసీదు అడగొచ్చు. యజమాని తీసుకోనంటే మనియార్డరు చేయొచ్చు, కంట్రోలర్ దగ్గర జమ చేయొచ్చు. నీళ్లు, కరెంటు బంద్ చేసి వెళ్లగొట్టరాదు. ఇవన్నీ ఇంట్లోకి అడుగుపెట్టిన తర్వాతి హక్కులు. పేరు వినగానే “మొన్ననే ఇచ్చేసినం” అనేవాణ్ని ఏ సెక్షన్ కింద అడగాలో నాకు దొరకలేదు.

మహబూబ్‌నగర్‌లో నాకు నాలుగో ఇంట్లో దొరికింది. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలు, అడ్వాన్సు, సున్నం ఖర్చు, మేకులు కొట్టొద్దన్న షరతు అన్నీ రాశారు. సంతకాలయ్యాక ఓనరు నన్ను వాకిట్లోకి పిలిచి, మెల్లగా, “బక్రీద్‌కు మాత్రం మీ ఊరు పోతరు కదా భాయ్?” అన్నాడు. కాగితంలో లేదది. నేను “పోతం” అన్నాను.