పెనుగులాటకు ఒక బటన్

వీడియో గేముల్లో శత్రువు పట్టుకుంటే ఏం చేయాలో ఆడేవాళ్లందరికీ తెలుసు. తెర మీద బటన్ గుర్తు మెరుస్తుంది, విడిపించుకునేదాకా దాన్ని టకటకా నొక్కాలి. ఈ టకటకలు ముందుగా పేరు తెచ్చుకున్నది చెర విడిపించుకోవడంలో కాదు, పరుగు పందెంలో. 1983లో జపాన్ సంస్థ కొనామి ఆర్కేడ్లకు తెచ్చిన ‘ట్రాక్ అండ్ ఫీల్డ్’లో రెండు బటన్లను ఎంత వేగంగా కొడితే తెర మీది అథ్లెట్ అంత వేగంగా పరిగెత్తేవాడు. పెన్సిళ్లతో, స్కేళ్లతో కొట్టి ఆ వేగాన్ని ఇంకా పెంచినవాళ్లూ ఉన్నారు. అక్కడ పరీక్ష వేళ్ల సత్తువకే కాబట్టి ఇబ్బంది లేదు. ఒక మనిషి ప్రాణభయంతో గింజుకోవడాన్ని చూపించడానికి కూడా డిజైనర్లు అదే పద్ధతిని ఎరువు తెచ్చుకున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. వేళ్లు అలిసిపోయినంత మాత్రాన పెనుగులాడినట్టు కాదు. లొంగాలా, తట్టుకోవాలా అన్న నిర్ణయం చిక్కుకున్నవాడి చేతిలో ఉన్నప్పుడే అది పెనుగులాట అవుతుంది.

పెద్దలకు మాత్రమే అంటూ అమ్మిన తొలి ఆటల్లో ఈ ఊహే లేదు. 1982లో అమెరికాలో అటారీ 2600 కోసం మిస్టిక్ సంస్థ విడుదల చేసిన ‘కస్టర్స్ రివెంజ్’లో స్తంభానికి కట్టేసిన ఆదివాసీ స్త్రీ ఉంటుంది. ఆటగాడు బాణాలు తప్పించుకుంటూ ఆమెను చేరాలి. తర్వాత జరిగేది అత్యాచారమే. మహిళా సంఘాలు, ఆదివాసీ సంఘాలు వీధికెక్కాయి. ఆ కోపం న్యాయమైనదే. డిజైన్ పరంగా చూసినా నేరం అక్కడ కనిపిస్తుంది: ఆటలో తప్పించుకునే విద్య అంతా దాడి చేసేవాడికే ఇచ్చారు, కట్టేసి ఉన్న మనిషికి ఒక్క బటన్ కూడా లేదు.

1998లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘మెటల్ గేర్ సాలిడ్’ దీన్ని తలకిందులు చేసింది. కథానాయకుడు స్నేక్‌ను కట్టేసి విలన్ ఆసెలాట్ కరెంటు షాకులు పెడతాడు. ఒక బటన్‌ను ఆపకుండా నొక్కుతుంటే ప్రాణం నిలుస్తుంది. ఇంకో బటన్ నొక్కితే లొంగిపోవచ్చు. చస్తే కంటిన్యూ లేదు, చివరిసారి సేవ్ చేసిన చోటికి పోవాల్సిందే. బటన్‌ను దానంతటదే నొక్కే ఆటోఫైర్ వాడితే తనకు తెలిసిపోతుందని విలన్ నేరుగా ఆటగాణ్ణే బెదిరిస్తాడు. లొంగితే స్నేక్ సహచరి మెరిల్ చనిపోతుంది, తట్టుకుంటే బతుకుతుంది. అంతా అయ్యాక కంట్రోలర్‌ను చేతికి ఆనించుకోమంటారు; అందులోని వైబ్రేషన్ నొప్పెట్టిన కండరానికి మర్దన చేస్తుంది. దర్శకుడు హిడియో కొజిమా కొంటెతనమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

మరి నొప్పి కూడా అవసరమే కదా అని ఎవరైనా అడగొచ్చు. వేలు సలపకపోతే లొంగిపోదామన్న ఆశ ఎక్కడ పుడుతుంది? ఆ సన్నివేశం వరకు ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడ సలుపుకు అర్థం వచ్చింది పక్కనే లొంగిపోయే బటన్ ఉండటం వల్ల. ఆ రెండో బటన్ లేకుండా నకలు కొట్టిన ఆటలు కోకొల్లలు. వాటిలో మిగిలింది వెట్టిచాకిరీ. పైగా ఒంటికి దెబ్బ నిజంగానే తగులుతుంది. నింటెండో 64 మీది ‘మారియో పార్టీ’లో స్టిక్‌ను అరచేత్తో గిరగిరా తిప్పి పిల్లలు చేతులు పుళ్లు చేసుకుంటే, న్యూయార్క్ అటార్నీ జనరల్ జోక్యంతో 2000లో నింటెండో సంస్థ చేతి తొడుగులు పంచడానికి ఒప్పుకుంది. కీళ్లనొప్పులున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా? 2016లో ‘అన్‌చార్టెడ్ 4’, 2020లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ పదేపదే నొక్కే బదులు బటన్‌ను పట్టి ఉంచితే చాలనే సౌకర్యం ఇచ్చాయి. దాంతో ఉత్కంఠ చచ్చిపోతుందని గొణిగేవాళ్లు ఉన్నారు. ఒక్క సెట్టింగు మార్చగానే చచ్చిపోయే ఉత్కంఠ అయితే, అది కథలో ముందునుంచీ లేదన్నమాటే.

వేళ్లకు పని పెట్టకుండానే పట్టు బిగించవచ్చని ‘రెసిడెంట్ ఈవిల్’ ఆటలు చూపించాయి. 2002లో కొత్తగా మలిచిన మొదటి ఆటలో నడిచే శవం మీద పడితే, దగ్గరున్న బాకును ఖర్చు చేసి బయటపడొచ్చు. అది మళ్లీ చేతికి రాదు. 2019లో మళ్లీ మలిచిన రెండో ఆట ఇంకాస్త కఠినం, ఇంకాస్త తెలివైనది. కత్తి పొడిచి విదిలించుకోవచ్చు, కానీ అది శత్రువు ఒంట్లోనే దిగబడి ఉంటుంది. కావాలంటే వెనక్కి తిరిగి ఆ శవాన్ని పడగొట్టి తెచ్చుకోవాలి, లేదంటే ఉత్త చేతులతో ముందుకు పరిగెత్తాలి.