చెట్టు ముందా, తీగె ముందా?



మన పల్లెలలో చెట్టునకును కరెంటు తీగెకును కలహము కలిగినపుడు తఱచుగా నొక ప్రశ్న పుట్టుచుండును. ఆ స్థలమున ముందుగా నున్నది చెట్టా, తీగెయా? ఇది వినోదమునకై వేయు ప్రశ్న కాదు. రైతునకు రావలసిన సొమ్ము దీనిమీదనే యాధారపడియున్నది. దీని చరిత్రమును సంగ్రహముగా విన్నవించెదను.

బాటప్రక్కల చెట్లు నాటుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన ధర్మము. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున నశోక చక్రవర్తి మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటలవెంట చెట్లు నాటించి, బావులు త్రవ్వించెను. ఈ సంగతిని దెలుపు శాసనము మన కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి బండలమీద నేటికిని నిలిచియున్నది. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్టునకును చెట్టునకును నడుమ ఇరువది మూరల యెడ ముత్తమమనియు, పదునాఱు మధ్యమమనియు, పండ్రెండు కనిష్ఠమనియు చెప్పెను. కొమ్మలును వేళ్లును పెనవేసికొన్న చెట్లు చక్కగా ఫలింపవని యాతడు చూపిన కారణము. అనగా మొక్క నాటునాడే అది పెరిగి యెంత చోటాక్రమించునో యూహింపవలెనని పూర్వుల మతము. ఆ కాలమున చెట్టునకు పైన ఆకాశమే గాని మఱియొక యడ్డు లేదు.

ఆ యడ్డు తంతితో వచ్చెను. 1851లో కలకత్తానుండి డైమండు హార్బరు వఱకు తంతి సాగినది. పిమ్మట తంతి స్తంభములు దేశమంతట వ్యాపించెను. తడిసిన కొమ్మ తీగెను తాకినచో విద్యుత్తు చెట్టుగుండ భూమిలోనికి జాఱి వార్త చెడును. కావున 1885 నాటి తంతి చట్టము, వార్తల కడ్డువచ్చు చెట్టును మేజిస్ట్రేటు తొలగింపింపవచ్చునని చెప్పెను. కాని యా చెట్టు తీగెకంటె ముందుగా నున్నదైనచో, దాని హక్కుదారునకు పరిహార మీయవలెనని కూడ విధించెను.

1902లో శివసముద్రపు జలపాతమునుండి కోలారు బంగారు గనులకు విద్యుచ్ఛక్తి ప్రవహించెను. 1910 నాటి విద్యుచ్చట్టము పై న్యాయమునే గ్రహించెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆంధ్రదేశమున కందెను. 2003 నాటి చట్టము 68వ సెక్షనులోను అదే న్యాయము కలదు. తంతివార్త 2013లో అంతరించినది. దానితో పుట్టిన న్యాయము మాత్రము బ్రదికియున్నది.

ఇందొక సూక్ష్మము గమనింపుడు. ముందు పుట్టుట చెట్టు ప్రాణమును కాపాడదు, దానికి వెల మాత్రమే తెచ్చును. తీగె వచ్చిన పిదప నాటినవానికి ఆ వెలయు లేదు. కావున ఊరిలోనికి క్రొత్త తీగె వచ్చుచున్నదని వినినంతనే చెట్ల జాతిని, వయస్సును, కాపును వ్రాయించి యుంచుడు. స్తంభములు పాతకముందే దారి మార్పుమని యర్థింపుడు. పాతిన పిదప వాదించుట కష్టము.

ఇక తీగె స్వభావ మెట్టిది? ఎండచేతను, తనలో ప్రవహించు విద్యుత్తుచేతను వేడెక్కి సాగి క్రిందికి వ్రేలాడును. గాలికి కొమ్మ యూగును. పెద్ద వోల్టేజి తీగెలనుండి విద్యుత్తు కొమ్మ తాకకయే దుముకగలదు. 2003 ఆగస్టు 14వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున మూడు పెద్ద తీగెలు క్రింద పెరిగిన చెట్లమీదికి వ్రేలాడి చెడిపోయెను. ఇతర లోపములును తోడై, ఆ దేశమునను కెనడాలోను సుమారు 5 కోట్ల జనులకు వెలుగు లేకపోయెను. చెట్లను సకాలమున కత్తిరింపనందుకు చెల్లించిన మూల్యమది!

1956 నాటి నిబంధనలు వీధికి అడ్డముగా పోవు చిన్న వోల్టేజి తీగెకు 5.8 మీటర్ల యెత్తును, హెచ్చు వోల్టేజి తీగెకు 6.1 మీటర్లను కనీసముగా నిర్ణయించెను. వేప, రావి, మఱ్ఱి, చింత, కొబ్బరి యీ యెత్తును సులభముగా దాటిపోవును. వానికి తీగెకు దూరముగా విశాలమైన చోటిండు. వీధితీగెల సమీపమున నిమ్మ, దానిమ్మ, మందారము, నందివర్ధనము వంటివి చాలును. ఇనుప దోటితోగాని పచ్చి వెదురుతోగాని తీగెదగ్గఱ కాయలు కోయరాదు.

చెట్టు నడినెత్తిని మోడుగా నఱకుట తగదు. అట్లు నఱికినచో బలహీనమైన చిగురుకొమ్మలు గుంపుగా లేచి త్వరలోనే మరల తీగె నందుకొనును. కొమ్మను అది పుట్టిన చోటనే, కణుపు ఉబ్బును చెడగొట్టక కోయవలెను. ఈ పని విద్యుత్తు నాపించిన పిదప విద్యుచ్ఛాఖవారే చేయవలెను. తీగె తెగి పడినచో దగ్గఱకు పోక, పిల్లలను పశువులను దూరముగా నుంచి వారికి వార్త పంపుడు.

వరాహమిహిరుడు ప్రక్కకు కొలిచిన యెడమును మనము పైకిని కొలువవలసిన కాలము వచ్చినది. వచ్చు వానలలో మొక్క నాటుటకు గుంత త్రవ్వించునపు డొక్కమాఱు తలయెత్తి చూడుడు.