జీతం ఎగ్గొడితే, పనిలోంచి తీసేస్తే అనంతపురంలో ఎక్కడికి వెళ్లాలి?

రెండు నెలల జీతం బాకీ పెట్టి యజమాని పంపించేస్తే, చాలామంది మొదట పోయేది పోలీస్ స్టేషన్‌కే. అక్కడ 'లేబర్ ఆఫీసుకు పో' అంటారు. ఆ మాట సరైనదే. కానీ అక్కడ ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లలోపు వెళ్లాలో తెలియకనే సగం కేసులు పోతున్నాయి.

జీతం బకాయికి ముందు కలవాల్సింది ఆ ప్రాంతపు సహాయ కార్మిక అధికారిని (ఏఎల్‌ఓ). రాయదుర్గం జీన్స్ యూనిట్‌లో కుట్టేవారైనా, అనంతపురం బట్టల అంగడి గుమాస్తా అయినా అంతే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం పని మానినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. తేల్చకపోతే దరఖాస్తుకు మూడేళ్ల గడువు ఉంది. బకాయికి పది రెట్ల వరకు అదనంగా పరిహారం వేసే అధికారం కూడా ఉంది. అపాయింట్‌మెంట్ లెటర్ లేదని భయపడి ఊరుకోవద్దు. హాజరు కార్డు, ఫోన్‌పేలో పడిన డబ్బు, సూపర్‌వైజర్ పంపిన వాట్సాప్ మెసేజ్ పనికొస్తాయి. జీతం ఇచ్చేశానని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

ఉద్యోగంలోంచి తీసేస్తే దారి వేరు. ముందు కార్మిక శాఖలో రాజీ కోసం దరఖాస్తు ఇవ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే ప్రభుత్వ అనుమతి కోసం ఎదురుచూడకుండా నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అనంతపురంలోనే పారిశ్రామిక ట్రిబ్యునల్, లేబర్ కోర్టు ఉంది. గడువు ఇదివరకు మూడేళ్లు, కొత్త కోడ్‌లో రెండేళ్లే. 18 వేలకు పైగా జీతం తీసుకునే సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు ఈ దారి లేదు. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ వాళ్లు 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నారు కాబట్టి రాజీ దరఖాస్తు తమ జిల్లా కార్మిక శాఖకే ఇవ్వాలి. గుంతకల్లు రైల్వే కాంట్రాక్టు కూలీల సంగతి కేంద్ర కార్మిక శాఖ చూస్తుంది.

కరువు ప్రాంతం కాబట్టి ఇక్కడ అసలు పెద్ద ప్రశ్న వలస పోయినవాళ్లది. బెంగళూరులో కట్టడం పనికి పోయిన మేస్త్రీ జీతం బకాయి అక్కడే అడగాలి, అందులో తప్పించుకునే వీలు లేదు. కానీ పనిలో ప్రమాదం జరిగి కాలు పోయినా, ప్రాణం పోయినా సంగతి వేరు. ఆ పరిహారం కోసం ప్రమాదం జరిగిన చోటే కాదు, కార్మికుడు లేదా ఆయన మీద ఆధారపడిన కుటుంబం నివసించే చోట కూడా దరఖాస్తు చేయొచ్చు. కళ్యాణదుర్గంలో ఉన్న భార్య కేసు కోసం బెంగళూరు బస్సెక్కాల్సిన పని లేదు, అనంతపురంలోనే వేయొచ్చు. ఈ సంగతి చాలా ఇళ్లకు తెలియదు. కాంట్రాక్టరు మనిషి వచ్చి చేతిలో కొంత డబ్బు పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుపోతాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందే కార్మిక శాఖకు రావాలి. గడువు ప్రమాదం జరిగినప్పటి నుంచి రెండేళ్లు. ఈఎస్ఐ ఉన్నవాళ్లు మాత్రం ఈఎస్ఐ దగ్గరే అడగాలి.

పదిమంది కంటే తక్కువ ఉన్న చోట లైంగిక వేధింపులు ఎదురైతే మహిళలు మూడు నెలల్లోపు జిల్లా స్థానిక కమిటీకి రాయాలి. అప్పు కింద జీతగాడిగా కట్టేసుకుంటే అది కలెక్టరు, ఆర్డీవో చూడాల్సిన నేరం.

వకీలుకు డబ్బు లేనివాళ్లకు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు పారిశ్రామిక కార్మికులకూ ఉచితమే, 15100కు ఫోన్ చేసినా చాలు. దరఖాస్తు ఎక్కడ ఇచ్చినా రెండో కాపీ మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోవాలి. 45 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.