పాత వీడియో గేమ్ పెట్టెలు: ఒక వైద్యుడి పునరాలోచన



ఈ పుటల్లో మీరు సాధారణంగా రక్తపోటు గురించో, మధుమేహం గురించో చదువుతుంటారు. ఈసారి విషయం కొంత వింతగా తోచవచ్చు. నాణెం వేస్తే ఆడే వీడియో గేమ్ యంత్రాలు, వాటిని నేడు కొందరు పెద్దవారు శ్రమపడి పునరుద్ధరించుకుంటున్న తీరు, ఆ యంత్రాలతో మా వైద్యవృత్తికి ఉన్న పాత తగవు నేటి ప్రస్తావన. గత సంవత్సరం అమెరికాలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు, కారు ఉండవలసిన గరాజులో దాదాపు ఆరడుగుల చెక్కపెట్టె ఒకటి వెనుక తలుపు తీసి నిలబెట్టి ఉంది. అది 1981 నాటి 'డాంకీ కాంగ్' యంత్రమట. తొంభైలలో మా ఊరి బస్టాండు వెనుకనున్న వీడియో గేమ్ పార్లర్ నుండి ఈ అబ్బాయినే నేను చెవి పట్టుకొని బయటికి తీసుకువచ్చాను.

ముందుగా ఈ పెట్టెల పుట్టుక చెబుతాను. 1971లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ రూపొందించిన 'కంప్యూటర్ స్పేస్' వ్యాపారసరళిలో తయారై మార్కెట్‌లోకి వచ్చిన తొలి నాణెపు వీడియో గేమ్. వంపులు తిరిగిన ఫైబర్‌గ్లాసు పెట్టెలో అది చూపరులను ఆకర్షించింది గాని, ఆడేవారికి కష్టమనిపించింది. మరుసటి ఏడాది వారి అటారీ సంస్థలో అలన్ ఆల్కార్న్ 'పాంగ్' తయారుచేశాడు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక మద్యశాలలో దాని తొలి నమూనాను నిలిపారు. కొన్నాళ్ళకే అది పనిచేయడం లేదని కబురు వచ్చింది. ఆల్కార్న్ వెళ్ళి తెరిచి చూస్తే సర్క్యూట్‌లో ఏ లోపమూ లేదు. నాణేలు పడే డబ్బా నిండిపోయి, యంత్రం ఊపిరాడక ఆగిపోయింది! రోగి చెప్పే బాధ ఒకచోట, అసలు కారణం మరొకచోట ఉండడం మాకు నిత్యానుభవమే కనుక ఈ ఉదంతం నాకు మిక్కిలి ఇష్టం.

1978లో జపాన్‌కు చెందిన తైతో సంస్థలో తొమోహిరో నిషికాదో 'స్పేస్ ఇన్వేడర్స్' సృష్టించాడు. దాని తెర నలుపు తెలుపులదే. గాజుపై రంగు సెలోఫేన్ పట్టీలు అంటించి రంగుల భ్రమ కలిగించారు. నిలువు పెట్టెలలోనైతే పిక్చర్ ట్యూబ్‌ను నేరుగా చూడము. దాని ప్రతిబింబం ఒక అద్దంలో పడి, వెనుక చిత్రించిన చంద్రుని నేలపై తేలుతున్నట్లు కనిపిస్తుంది. ఈ సంగతిని మీరు గుర్తుంచుకోవాలి. 1997 నుండి 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని పాత ఆటలనేకం మామూలు కంప్యూటర్‌లోనే ఆడుకోగలుగుతున్నాము. అయినా ఈ బరువైన పెట్టెల కోసం వెతికేవారు ఎందుకున్నారంటే, ఆ అద్దాన్నీ ఆ చంద్రుణ్ణీ ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తెచ్చి ఇవ్వలేదు.

ఆట వ్యాపించగానే వైద్యులు రంగప్రవేశం చేశారు. 1981లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 'స్పేస్ ఇన్వేడర్స్ మణికట్టు' గురించి ఒక లేఖ వెలువడింది. అదేపనిగా మీటలు తిప్పడం వలన కలిగే నొప్పి అది. కాంతి మినుకుల వలన మూర్ఛ వచ్చే స్వభావమున్న కొద్దిమందికి ఈ తెరల ముందు ఫిట్స్ రావడం కూడా అదే ఏడాది లాన్సెట్ పత్రికకెక్కింది. ఈ రెండూ రోగిని చూసి రాసినవి. కాని 1982 నవంబరులో అమెరికా సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ పిట్స్‌బర్గ్‌లో మాట్లాడుతూ, వీడియో గేములు పిల్లలను వ్యసనపరులను చేస్తున్నాయన్న ధోరణిలో వ్యాఖ్యానించాడు. ఆ మాట దేశమంతా పాకింది. మరునాడే ఆయన, అది తన వ్యక్తిగతాభిప్రాయమే తప్ప శాస్త్రీయ ఆధారాలపై నిలిచినది కాదని ప్రకటన ఇచ్చాడు. అదే ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్ పట్టణం నాణెపు వీడియో గేములను నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 2014 వరకు పట్టింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తొంభైలలో తల్లిదండ్రుల సభలలో నేను కూప్ మాటను ఉటంకించి ప్రసంగించేవాడిని. మరునాటి ప్రకటన సంగతి నాకు తెలియదు. తెలుసుకొనే ప్రయత్నమూ చేయలేదు. కళ్ళు పోతాయని కూడా చెప్పేవాడిని. ఎక్కువసేపు తెర చూస్తే కళ్ళు అలసిపోతాయి, పొడిబారుతాయి. చూపు పోదు.

ఇక పునరుద్ధరణ ఎందుకు అవసరమైందో చూద్దాం. ఈ యంత్రాలను ఎవరూ దాచుకోవడానికి చేయలేదు. ఆటకు గిరాకీ తగ్గితే యజమాని లోపలి బోర్డు మార్చి, పెట్టెకు మరో రంగు పూసి కొత్త ఆటగా నడిపించేవాడు. డాంకీ కాంగ్ కథే ఇందుకు నిదర్శనం. అంతకుముందు నింటెండో 'రాడార్ స్కోప్' అనే ఆట పెట్టెలు 3,000 వరకు అమెరికాకు పంపితే, దాదాపు 2,000 అమ్ముడుపోక గోదాములో మిగిలిపోయాయి. షిగెరు మియమోతో అనే యువ చిత్రకారుడు కొత్త ఆట రూపొందించగా, ఆ పెట్టెలనే విప్పి డాంకీ కాంగ్‌గా మార్చారు. ఆ తొలి ఎర్రపెట్టెలంటే నేటి సేకరణకర్తలకు ప్రాణం. మా అబ్బాయిది నీలిది. దానిమీద ఎవరో నల్లరంగు పూసి కుస్తీ ఆట ఒకటి బిగించారు. ఆ పూత కింద నీలం బయటపడేవరకు గీకడానికే అతనికి మూడు వారాలు పట్టింది.

1985లో జపాన్ తయారీదారులు 56 పిన్నుల 'జామా' కనెక్టర్‌ను ప్రమాణంగా తెచ్చాక బోర్డు మార్చడం మరింత సులువై, అసలు రూపాలు మరింత వేగంగా అంతరించాయి. 1993లో వచ్చిన క్యాప్‌కామ్ బోర్డులది వేరే జబ్బు. ఆట సంకేతాన్ని విప్పే తాళాలు ఒక చిన్న బ్యాటరీ బలంతో బోర్డు జ్ఞాపకంలో ఉంటాయి. బ్యాటరీ ప్రాణం పోతే జ్ఞాపకమూ పోతుంది. అభిరుచిపరులు వీటిని 'ఆత్మహత్య బ్యాటరీలు' అంటారు.

ఇప్పుడు వైద్యుడిగా నాలుగు మాటలు. మీలో ఎవరైనా ఇటువంటి పెట్టెను గాని, పాత పిక్చర్ ట్యూబ్ టీవీని గాని విప్పదలిస్తే వీటిని శ్రద్ధగా చదవండి. రంగుల పిక్చర్ ట్యూబ్‌లో సుమారు 20 వేల వోల్టులకు పైగా విద్యుత్తు ఉంటుంది. ఆ గాజు స్వయంగా కండెన్సర్ వంటిది కనుక ప్లగ్ పీకిన తరువాత కూడా ఆవేశం నిలిచే ఉంటుంది. ఒకసారి తీసివేసినా కొంత తిరిగి కూడుతుంది. దానిలో నిలువ ఉండే శక్తి తక్కువే గాని, ఆ ఝలక్‌కు చెయ్యి ఎగిరి ట్యూబ్ మెడ విరగవచ్చు. లోపలిది శూన్యం కావడం వలన గాజు పగిలి చెదిరితే కళ్ళకు ముప్పు. నా లెక్కలో అంతకంటే ప్రమాదకరమైనది పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కండెన్సర్. వోల్టేజీ తక్కువని దానిని తేలికగా తీసుకుంటారు, కాని నిలువ ఉండే శక్తి అందులోనే ఎక్కువ. అనుభవజ్ఞుడైన టీవీ మెకానిక్ పక్కన లేకుండా ఈ భాగాల జోలికి వెళ్ళవద్దు. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు అసలే వద్దు.

సోల్డరింగ్ పొగలో సీసం ఉంటుందని చాలామంది భయపడతారు. ఆ వేడికి సీసం చెప్పుకోదగినంత ఆవిరి కాదు. పొగ రోజన్‌ది, ఉబ్బసం తెచ్చేది అదే. సీసం వేళ్ళకు అంటి, వేళ్ళ నుండి నోటికి చేరుతుంది. కనుక చేతులు సబ్బుతో కడుక్కొని గాని కాఫీ కప్పు ముట్టవద్దు. చెక్కపొడి ముక్కు క్యాన్సర్‌కు కారకమని నిర్ధారణ అయింది. పెట్టెకు గరుకు కాగితం పట్టేటప్పుడు మంచి మాస్క్ తప్పనిసరి.

ఆ గరాజులో నేను టార్చి పట్టుకొని నిలబడి, కుతూహలంతో రెండో చేయి పెట్టె లోపలికి చాచాను. మా అబ్బాయి, "నాన్నా, ఆ చెయ్యి జేబులో పెట్టుకోండి" అన్నాడు. రెండు చేతులూ లోపల ఉంటే విద్యుత్తు ఒక చేతి నుండి మరో చేతికి గుండె మీదుగా దారి తీస్తుంది. ఆ సంగతి వైద్య విద్యార్థులకు నేను ఏళ్ళ తరబడి చెప్పినదే. మాట్లాడకుండా చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు తెర వెలిగింది. బొమ్మ అంచులు కొద్దిగా వంకర. శబ్దం మాత్రం రాలేదు. ఆంప్లిఫయర్ బోర్డుకు కొత్త కండెన్సర్లు తెప్పిస్తున్నానని మొన్న ఫోనులో చెప్పాడు.