గొంగడి వెనుక ఆడవాళ్ల చేతులు

చలి మొదలయిందంటే మనం పెట్టెలోంచి శాలువలు తీస్తాం. మా సుల్తానాబాద్ వైపు పెద్దవాళ్లకు మాత్రం గొంగడే శాలువ. చలికి కప్పు, వానకు గొడుగు, రాత్రికి పక్క, అన్నీ అదే! "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అనే సామెత ఊరికే పుట్టిందా?

గొంగడికి ఆధారం దక్కని జాతి నల్లగొర్రె. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. కురుమ ఇళ్లలో ఆ ఉన్నిని నూలుగా వడికేది ఆడవాళ్లే. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేస్తారు.

తర్వాత మాంసానికి గిరాకీ పెరిగింది. ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో చేరాయి. మిల్లు దుప్పట్లు చవకగా వచ్చాయి. గొర్రె మారింది, కదురు ఆగింది. వడికే ఆడవాళ్లకు నాలుగు డబ్బులొచ్చే దారీ మూసుకుపోయింది.

2023లో కన్నుమూసిన గద్దర్ భుజాన గొంగడితో పాడుతుంటే అది తెలంగాణకే గుర్తయింది. ఆ నూలు వడికిన తల్లుల్ని మాత్రం ఎవరు తలుచుకున్నారు?

మీ ఇంట్లో అమ్మమ్మ గొంగడి ఉంటే పాతదని పారేయకండి. దులిపి, ఎండిన వేపాకు వేసి దాచండి. పిల్లలు అడిగితే, ముందు వడికిన చేతుల సంగతి చెప్పండి.