అమరుల పేర్లు మనమే రాసుకోవాలి: ఇంద్రవెల్లి నుంచి అబిడ్స్, నాంపల్లి దాకా

చదువు కోసమో, కోచింగ్ కోసమో హైదరాబాద్ వచ్చిన మన పిల్లలకు అబిడ్స్, నాంపల్లి అంటే ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు, నుమాయిష్, రైల్వే స్టేషన్ గుర్తొస్తాయి. కాగజ్‌నగర్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చివరకు దిగేది నాంపల్లిలోనే. మన జాతి చరిత్రతో ముడిపడిన నాలుగు చోట్లు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అబిడ్స్‌లో రాంజీ గోండు పేరిట ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియానికి 2024లో శంకుస్థాపన జరిగింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్ ఉంది. నాంపల్లిలో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది. ఇంకాస్త ముందుకు నడిస్తే అసెంబ్లీ ఎదుట గన్‌పార్క్ అమరవీరుల స్తూపం. ప్రాణాలు పోగొట్టుకున్న మనుషుల కుటుంబాలు న్యాయం అడగడానికి ఈ నాలుగు చోట్లతో ఎలాంటి సంబంధం ఉందో మన యువతకు చెప్పాలనే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

రెండు యుద్ధకాలాలు, పేర్లు లేని అమరులు

1857 తిరుగుబాటు ఢిల్లీ, లక్నోలతోనే ఆగిపోలేదు. ఆ ఏడాది జూలై 17న హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి జరిగింది. ఉత్తరాన నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, వారితో కలిసిన రోహిల్లాలు పోరాడారు. 1860లో రాంజీని, ఆయన అనుచరులను నిర్మల్‌లో ఒకే మర్రిచెట్టుకు ఉరితీశారని మన పెద్దలు చెబుతారు. అందుకే ఆ చెట్టుకు 'వెయ్యి ఉరుల మర్రి' అని పేరు వచ్చింది.

తర్వాత 1940. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. అడవి మీద, భూమి మీద హక్కు అడిగిన కుమ్రం భీం జోడెఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఆయనతో పాటు మరికొందరు అసువులు బాశారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మన మధ్యే నివసించి నివేదికలు రాశాడు.

ఇక్కడ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాం. రాంజీ గోండు పేరు మీకు తెలుసు. ఆయనతో ఉరికంబమెక్కిన వారిలో పది మంది పేర్లు చెప్పగలరా? భీంతో పాటు పోయిన వాళ్ల పేర్లు ఎంతమందికి నోటికి వస్తాయి? నాయకుడి పేరు నిలిచింది. వెంట నడిచిన వాళ్లు ఒక అంకెగా మిగిలారు. పేరు లేని మనిషి తరఫున న్యాయం అడగడానికి వారసులు ఉండరు.

ఇంద్రవెల్లి: లెక్క తేలని సోమవారం

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. అన్యాక్రాంతమైన భూముల గురించి, పట్టాల గురించి, షావుకార్ల దోపిడీ గురించి మాట్లాడుకోవడానికి గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. సభకు అనుమతి రద్దయింది, నిషేధాజ్ఞలు వచ్చాయి. దూరపు గూడేల నుంచి కాలినడకన, ఎడ్లబండ్ల మీద బయల్దేరిన జనానికి ఆ సంగతి తెలియదు. పోలీసులు కాల్పులు జరిపారు.

ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 13. పౌరహక్కుల సంఘాలు 60కి పైనే అన్నాయి. గూడేల్లో పెద్దలు అంతకంటే ఎక్కువే చెబుతారు. 13కీ 60కీ మధ్య ఉన్న తేడా ఉత్త లెక్కల తేడా కాదని మీరు గుర్తించాలి. ఆ తేడాలో కొన్ని పదుల ఇళ్లున్నాయి. 'మా అయ్య ఆ రోజు అంగడికి వెళ్లాడు, తిరిగి రాలేదు' అని చెప్పే కుటుంబం చేతిలో కాగితం లేకపోతే, ప్రభుత్వ లెక్కలో ఆ అయ్య చనిపోనే లేదు.

1983లో అక్కడ స్తూపం కట్టారు. 1986లో దాన్ని కూల్చేశారు. 1987లో ఐటీడీఏ మళ్లీ కట్టించింది. కట్టిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే చాలు, ఆంక్షలు, పోలీసు పహరా. తమవాళ్లకు పూలు పెట్టడానికి కూడా అనుమతి కావాల్సిన పరిస్థితి. తెలంగాణ వచ్చాక ఆంక్షలు సడలాయి. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి ఇంద్రవెల్లి వచ్చి అమరుల స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. అమరుల కుటుంబాలకు ఇళ్ల సాయం ప్రకటించారు. కాల్పులు జరిగిన 43వ ఏడు అది. అప్పటికి ఎంతమంది తల్లులు, భార్యలు వెళ్లిపోయి ఉంటారో ఆలోచించండి.

గన్‌పార్క్ చెప్పే మాట

మేము హాస్టల్ పిల్లలను హైదరాబాద్ విజ్ఞానయాత్రకు తీసుకెళ్లినప్పుడు గన్‌పార్క్ దగ్గర తప్పక ఆగుతాం. ఒకసారి తొమ్మిదో తరగతి పాప స్తూపాన్ని చూసి, "మేడం, ఇది కూడా ఇంద్రవెల్లి స్తూపం లాంటిదేనా?" అని అడిగింది. అలాంటిదే. 1969 తెలంగాణ ఉద్యమంలో 369 మంది అమరులయ్యారని ఉద్యమకారులు చెబుతారు. వారి కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపమది. దాన్ని నిలబెట్టడానికి కూడా ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. అడవిలోనైనా రాజధానిలోనైనా అమరుల గుర్తు దానంతటది నిలబడదు, పట్టువదలని వాళ్లు ఉంటేనే నిలబడుతుంది.

జాబితా దాచుకున్న ఊరు గెలిచింది

ఇండోనేషియాలో రావగెడె అనే ఊరుంది. 1947 డిసెంబర్ 9న, స్వాతంత్ర్య యుద్ధ సమయంలో, డచ్ సైనికులు ఆ ఊరి మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చేశారు. డచ్ ప్రభుత్వం 150 మంది అన్నది. ఊరివాళ్లు 431 మంది అన్నారు. అరవై ఏళ్లు దాటాక, ముసలివాళ్లయిపోయిన భార్యలు నెదర్లాండ్స్ కోర్టుకెక్కారు. కాలపరిమితి దాటిపోయిందని ప్రభుత్వం వాదించింది. ఇంత ఘోరమైన విషయంలో ఆ వాదన చెల్లదని 2011 సెప్టెంబర్ 14న హేగ్ కోర్టు తీర్పు చెప్పింది. భర్తలను పోగొట్టుకున్న ఆ స్త్రీలకు తలా 20,000 యూరోల పరిహారం అందింది. అదే ఏడాది డిసెంబర్ 9న డచ్ రాయబారి ఆ ఊరికే వచ్చి క్షమాపణ చెప్పాడు.

అంత దూరం ఎందుకు, మణిపూర్ చూడండి. అక్కడ భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న కుటుంబాలు సంఘంగా ఏర్పడి 1,528 మరణాల జాబితా తయారు చేసి 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లాయి. అల్లకల్లోలంగా ఉన్న ప్రాంతమైనా సరే, భద్రతా దళాలు అతిగా బలప్రయోగం చేయడానికి వీల్లేదని 2016 జూలైలో కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది సీబీఐ ప్రత్యేక బృందంతో దర్యాప్తుకు ఆదేశించింది. అన్ని కేసుల్లో న్యాయం ఇంకా దక్కలేదు. కానీ జాబితా లేకపోతే కోర్టు తలుపు కూడా తెరుచుకునేది కాదు.

చట్టంలో మనకున్న దారులు

మానవ హక్కుల రక్షణ చట్టం 1993 ప్రకారం సంఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టదు. కాబట్టి ఇవాళ ఎవరికైనా అన్యాయం జరిగితే నాంపల్లి కమిషన్‌కు వెంటనే ఫిర్యాదు పంపాలి. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వరకూ రానక్కర్లేదు, మీ మండలం నుంచి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకుంటే చాలు. హత్య నేరానికి మాత్రం మన చట్టంలో కాలపరిమితి లేదు. ఈ రెండింటి తేడా గుర్తుపెట్టుకోండి.

పాత సంఘటనలకు సమాచార హక్కు చట్టం 2005 పనికొస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన విషయాల సమాచారాన్ని కొన్ని మినహాయింపులు తప్ప ఇవ్వాల్సిందేనని అందులో ఉంది. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. మొజంజాహీ మార్కెట్ దగ్గరి భవనం మనకు అవసరమయ్యేది అప్పుడే.

మూడోది మరణ ధ్రువీకరణ. చావును 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. శవం చేతికి రాని ఇళ్లకు ఇది కష్టమే. ఏడేళ్లుగా ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టు భావించే నియమం సాక్ష్య చట్టంలో ఉంది. ఆ దారి కూడా తెలిసి ఉండాలి.

వీటన్నిటికీ అడ్డొచ్చేది పేరు రాసే తీరు. కుమ్రం, కొమరం, కొమురం అని ఒకే ఇంటిపేరును మూడు రకాలుగా రాస్తున్నారు. భీం పేరే ఇన్ని రకాలుగా మారితే, గూడెంలో మామూలు మనిషి పేరు సంగతి చెప్పాలా? రేషన్ కార్డులో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, పాత రికార్డులో మరో తీరు. వారసులమని చెప్పుకోవడానికి వెళ్లిన వాళ్లు అక్కడే ఆగిపోతున్నారు.

మీ చేతిలో ఉన్న పని

మా హాస్టల్లో వేసవి సెలవులకు ఇంటికి వెళ్లే పిల్లలకు ఒక పని అప్పగిస్తున్నాం. మూడు తరాల పేర్లు రాసుకురమ్మంటాం. మగవాళ్ల పేర్లు బాగానే వస్తాయి. అవ్వల పేర్ల దగ్గర మాత్రం 'ఫలానా వాళ్లమ్మ' అని రాసుకొస్తారు. మళ్లీ అడిగి రమ్మని పంపుతాం. ఆ ప్రశ్న నుంచి కొన్ని ఇళ్లలో ఎన్నడూ బయటికి రాని ముచ్చట్లు బయటికొచ్చాయి.

ఇంద్రవెల్లి రోజు ఇరవై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటింది. అడగడానికి మనకు ఎంతో కాలం లేదు. ఈ సెలవుల్లో మీ గూడెం పెద్దల దగ్గర కూర్చోండి. పోయినవారి పేరు, ఇంటిపేరు, గోత్రం, ఊరు, తండ్రి పేరు, తల్లి పేరు, భార్యాపిల్లల పేర్లు, ఆ రోజు ఎవరితో కలిసి వెళ్లారు, చివరగా చూసింది ఎవరు అని అడిగి రాయండి. గోండి, కోలామి, ఏ మాటలో చెబితే ఆ మాటలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. చెప్పినవారి అనుమతి తీసుకోండి. విన్నదానికి మీరేమీ కలపకండి. మీకు నచ్చని సంగతిని తీసేయకండి కూడా. ఒక కాపీ ఇంట్లో, ఒక కాపీ గ్రామసభ దగ్గర ఉంచండి.

అబిడ్స్‌లో మన సమరయోధుల మ్యూజియం పూర్తయ్యాక గోడల మీద నాయకుల బొమ్మలు ఎలాగూ ఉంటాయి. వారి వెంట నడిచినవారి పేర్లు కూడా ఆ గోడ ఎక్కాలంటే, వాటిని అక్కడికి చేర్చాల్సింది మీరే.

అమరులకు జోహార్లు. వారి పేర్లు ఇన్నాళ్లూ గుండెల్లో మోసిన అవ్వలకు, తాతలకు జోహార్లు.