పెద్దలు, దివ్యాంగులకు సాయం కావాలా.. ముందు ఎవరిని అడగాలి? ఈ వివరాలు దగ్గర పెట్టుకోండి

పిల్లలు ఉద్యోగాల కోసం వేరే ఊళ్లలో ఉంటారు.. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే మిగులుతారు. సాయానికి చట్టం ఉంది, పథకాలూ ఉన్నాయి. కానీ ఎవరిని అడగాలో తెలియకే చాలామంది ఆగిపోతున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఏ పనికి ఎక్కడికి వెళ్లాలో చూద్దాం.

ముందుగా 14567కు ఫోన్

60 ఏళ్లు దాటినవారి కోసం ఏర్పాటైన టోల్ ఫ్రీ హెల్ప్‌లైన్ 'ఎల్డర్‌లైన్'. రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 8 గంటల వరకు పనిచేస్తుంది. దగ్గర్లోని వృద్ధాశ్రమాలు, డే కేర్ సెంటర్ల వివరాలు చెబుతారు. పింఛను, చట్టపరమైన సందేహాలకూ దారి చూపిస్తారు. వేధింపులు ఎదురైనా, దిక్కులేక రోడ్డున పడిన వృద్ధులు కనిపించినా ఫోన్ చేయొచ్చు. పెద్దవాళ్లే చేయాలని లేదు.. పక్కింటివాళ్లు చేసినా చాలు. రాత్రివేళ ప్రాణాపాయం ఉంటే 112కు కాల్ చేయాలి.

పిల్లలు పట్టించుకోకపోతే..

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో స్థాయి ట్రైబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. లాయర్ అక్కర్లేదు. నెలకు గరిష్ఠంగా రూ.10 వేల వరకు భరణం ఇప్పించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడటం మానేస్తే ఆ గిఫ్ట్ డీడ్ రద్దు కోరే వీలూ ఉంది. అయితే 'మమ్మల్ని చూసుకోవాలి' అనే షరతు ఉంటేనే ఈ సెక్షన్ వర్తిస్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ రోజే ఆ మాట పత్రంలో రాయించుకోవాలి.

దివ్యాంగులకు సర్టిఫికెటే కీలకం

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చాలా పథకాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ కావాలి. దీనికి స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి. సొంతంగా చేయడం రాకపోతే మీసేవలోనో, ఏపీలో అయితే గ్రామ, వార్డు సచివాలయంలోనో అడగండి. దివ్యాంగుల పింఛనును ఏపీలో 2024లో రూ.6,000కు, తెలంగాణలో 2023లో రూ.4,016కు పెంచారు. మూడు చక్రాల సైకిల్, వినికిడి యంత్రం లాంటివి కావాలంటే జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో సంప్రదించాలి.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆస్పత్రి కాగితాలు ఒకే కవర్లో పెట్టుకోండి. 14567ను ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసివ్వండి.. ఫోన్ వాడటం రానివాళ్లయితే గోడ మీద పెద్ద అంకెల్లో రాసిపెట్టండి.